ఊ కొట్టడం వేరు, వినడం వేరు



మన పల్లెల్లో అవ్వ కథ చెప్పేటప్పుడు పిల్లలకు ఒక షరతు పెట్టేది. "ఊ కొడితేనే చెప్తా" అనేది. ఆ 'ఊ' ఆగిందంటే పిల్లవాడు నిద్రపోయాడని అర్థం. కథ కూడా అక్కడే ఆగేది. చెప్పేవారు ఎంత ముఖ్యమో వినేవారూ అంతే ముఖ్యమని ఆ అవ్వకు తెలుసు.

నేడు 'ఊ' కొట్టేవారికి కొదువ లేదు. భార్య ఏదో చెబుతుంటే భర్త 'ఊ' అంటాడు, కళ్ళు మాత్రం సెల్‌ఫోన్ మీద ఉంటాయి. బడి నుండి వచ్చిన బిడ్డ ఏదో చెప్పబోతే తల్లి 'ఊ' అంటుంది, చూపు టీవీ సీరియల్ మీద ఉంటుంది. మంచం మీద ఉన్న పెద్దాయన మోకాళ్ళ నొప్పి గురించి చెబుతుంటే ఇంట్లో అందరూ 'ఊ' అంటారు, ఒక్కరూ ఆయన పక్కన కూర్చోరు. ఒకప్పుడు 'ఊ' అంటే వింటున్నామని గుర్తు. ఇప్పుడు వినకుండా తప్పించుకోవడానికి అదే ఒక ఉపాయమైంది.

ఆరోగ్య పత్రికలో ఈ సంగతి ఎందుకు అని మీరు అడగవచ్చు. వినడం కూడా వైద్యంలో ఒక భాగమే. సరిగా విన్నప్పుడు జబ్బు త్వరగా తెలుస్తుంది, భారం తగ్గుతుంది, కొన్నిసార్లు ప్రాణమే నిలబడుతుంది. ఇందుకు పెద్ద చదువు అక్కర లేదు, డబ్బు అక్కర లేదు. అయితే నేర్చుకోవడం మాత్రం అవసరం. అదెలాగో ఈ వ్యాసంలో చూద్దాం.

వినబడటం చెవి పని, వినడం మనసు పని

శబ్దం మన చెవిలోకి వెళ్ళి కర్ణభేరిని తాకుతుంది. దాని వెనుక ఉన్న మూడు చిన్న ఎముకలు ఆ కదలికను లోపలికి అందిస్తాయి. నత్తగుల్ల ఆకారంలో ఉండే లోపలి చెవి దానిని నరం ద్వారా మెదడుకు పంపుతుంది. ఇదంతా మనం ప్రయత్నం చేయకుండానే జరిగిపోతుంది. కంటికి రెప్ప ఉంది గాని చెవికి మూత లేదు.

కాని మెదడుకు ఒక హద్దు ఉంది. ఒకే సమయంలో ఇద్దరి మాటలను అది పూర్తిగా అర్థం చేసుకోలేదు. ఒకరి మాట నుండి ఇంకొకరి మాటకు మారుతూ ఉంటుంది. వేంపల్లె బస్టాండులో హారన్లు, కేకలు, పాటలు అన్నీ చెవిలో పడుతూనే ఉంటాయి. అయినా తన బిడ్డ ఏడుపు వినిపిస్తే తల్లి వెంటనే అటు తిరుగుతుంది. ఆమె మనసు ఆ ఏడుపు మీదే ఉంది కాబట్టి మిగతా శబ్దాలన్నీ పక్కకు పోయాయి. అలాగే ఫోన్‌లో వచ్చిన మెసేజ్ చదువుతూ ఎదుటివారి మాట వింటున్నామనుకుంటే మన మనసు ఆ మెసేజ్ మీద ఉంటుంది, ఎదుటివారి మాట పక్కకు పోతుంది. మన పెద్దలు దీనినే "ఈ చెవిన విని ఆ చెవిన వదిలేయడం" అన్నారు.

డాక్టరు గది నుండి ఒక పాఠం

డాక్టరు మెడలో కనిపించే స్టెతస్కోపు వినడం కోసమే పుట్టింది. 1816లో పారిస్ నగరంలోని నెకర్ ఆసుపత్రిలో లెన్నెక్ అనే వైద్యుడు గుండె జబ్బుతో వచ్చిన ఒక యువతిని పరీక్షించవలసి వచ్చింది. ఆమె ఛాతీకి చెవి ఆనించడం మర్యాద కాదని కాగితాలను గొట్టంలా చుట్టి, ఒక కొన ఆమె ఛాతీ మీద, ఇంకొక కొన తన చెవి దగ్గర పెట్టుకున్నాడు. గుండె చప్పుడు ఎన్నడూ లేనంత స్పష్టంగా వినిపించింది. ఆ కాగితపు గొట్టమే నేటి స్టెతస్కోపుకు మూలం. ఇప్పటికీ డాక్టరు దానిని చెవిలో పెట్టుకున్నప్పుడు "కాసేపు మాట్లాడకండి" అంటారు. మరి రోగి మాట్లాడేటప్పుడు డాక్టరు కూడా కాసేపు మాట్లాడకుండా ఉండాలి కదా?

ఈ సంగతిని అమెరికాలో పరిశీలించారు. 1984లో వెలువడిన ఒక అధ్యయనంలో రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డు తగులుతున్నట్లు తేలింది. 1999లో మరొక అధ్యయనంలో అది 23 సెకన్లు. అడ్డు చెప్పకపోతే రోగులు గంటల తరబడి చెబుతూనే ఉంటారని వైద్యుల భయం.

ఆ భయం నిజమేనా? స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో డాక్టర్లు రోగులను మధ్యలో ఆపకుండా చెప్పనిచ్చి, ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టారు. ఆ ఫలితాలు 2002లో ప్రచురితమయ్యాయి. రోగులు సగటున 92 సెకన్లలో తమంతట తామే ముగించారు. నూటికి 78 మంది రెండు నిమిషాలలోపే చెప్పవలసింది చెప్పేశారు. వేడి సంగటి ముద్ద చల్లారేంత సేపు కూడా కాదు!

మన దగ్గర ఓపీ ముందు ఎంత పెద్ద వరుస ఉంటుందో మీకు తెలుసు. 2017లో 67 దేశాల లెక్కలు పోల్చి చూసినప్పుడు సాధారణ వైద్యుడు ఒక్కొక్క రోగికి ఇచ్చే సమయం స్వీడన్‌లో 22 నిమిషాల పైన, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, మన దేశంలో సుమారు రెండు నిమిషాలు అని తేలింది. కాబట్టి ఉన్న రెండు నిమిషాలూ సరిగా వినడానికి ఉపయోగపడాలి.

గడప దగ్గర చెప్పే మాట

చాలామంది అసలు బాధను మొదట చెప్పరు. ఒక పెద్దమ్మ ఆసుపత్రికి వచ్చిందనుకోండి. "కాళ్ళు గుంజుతాండాయి నాయనా" అంటుంది. డాక్టరు మాత్రలు రాస్తారు. ఆమె చీటీ తీసుకొని లేచి, గడప దాకా వెళ్ళి వెనక్కి తిరుగుతుంది. "ఇంకో మాట నాయనా... రెండు నెల్ల నుంచి నిద్దర పట్టడం లేదు. మావాడు కువైట్‌కు పోయినప్పటి నుంచి అన్నం కూడా సయించడం లేదు" అంటుంది. ఆమె ఆసుపత్రికి వచ్చింది ఆ చివరి మాట కోసమే. అప్పటికే ఇంకొకరి పేరు పిలిస్తే ఆ మాట గడప దగ్గరే పడిపోతుంది.

అందుకే "ఇంకేమన్నా చెప్పాల్సింది ఉందా పెద్దమ్మా?" అన్న ఒక్క ప్రశ్న, ఆమె కూర్చొని ఉండగానే అడగడం ఎంతో మేలు చేస్తుంది.

రోగితో వచ్చినవారు కూడా ఒక సంగతి గమనించాలి. "నీకు ఎప్పటి నుండి నొప్పి?" అని డాక్టరు కోడలిని అడిగితే అత్తగారు జవాబు చెబుతారు. తండ్రిని అడిగితే కొడుకు చెబుతాడు. వారి ఉద్దేశం మంచిదే. కాని బాధ ఎవరిదో వారి నోటి నుండే రావాలి. ముందు వారిని చెప్పనివ్వండి. మరచిపోయినది ఉంటే తరువాత మీరు కలపండి.

రోగులకు కూడా ఒక మాట. డాక్టరు దగ్గరకు వెళ్ళేముందే మూడు సంగతులు మనసులో అనుకొని వెళ్ళండి: ఎక్కువగా బాధపెడుతున్నది ఏమిటి, అది ఎప్పటి నుండి ఉంది, దాని గురించి మీకున్న భయం ఏమిటి. అన్నిటికన్నా ముఖ్యమైనది ముందే చెప్పండి. వాడుతున్న మందుల చీటీలు వెంట తీసుకెళ్ళండి.

ఇంట్లో వినడానికి అడ్డం వచ్చేవి

మొదటిది ఫోన్. 2016 తరువాత ఇంటర్నెట్ చవకై, చీనీ తోట కాపలాదారు చేతిలోకి కూడా వచ్చింది. ఫోన్ చెడ్డదని మేము చెప్పడం లేదు. కడప ప్రాంతం నుండి ఎంతోమంది ఆడవారు, మగవారు పని కోసం కువైట్ వెళ్ళారు. ఒకప్పుడు వారి ఉత్తరం కోసం వారాల తరబడి ఎదురుచూసేవారు. అది వచ్చిన రోజు ఇల్లంతా చుట్టూ కూర్చొని, చదువు వచ్చినవారితో ఒకటికి రెండుసార్లు చదివించుకునేవారు. నేడు రోజూ ముఖాలు చూసుకుంటున్నాం. కాని మాటలు ఎలా ఉన్నాయి? "తిన్నావా?" "తిన్నా." "డబ్బులు వచ్చినాయా?" "వచ్చినాయి." "సరే, ఉంటా." అక్కడ ఇంటిపని చేసే తల్లి గొంతు ఎందుకు బొంగురుపోయిందో అడిగేవారు ఏరీ? ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో పదో తరగతి అయిన వెంటనే చేరే పిల్లలు ఉన్నారు. ఇంకా ఎన్నో హాస్టళ్ళలో అంతకన్నా చిన్నవారు ఉన్నారు. వారు ఫోన్ చేసినప్పుడు మార్కుల గురించే అడిగితే వారూ మార్కుల గురించే చెబుతారు.

రెండవది సలహా చెప్పాలన్న తొందర. ఎదుటివారు సగం చెప్పకముందే మన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. "దానికేముందిలే, ఇట్లా చెయ్" అంటాం. మూడవది మన కథ మొదలుపెట్టడం. "నీదేం కష్టం, నాది విను" అంటాం. నాలుగవది తప్పు పట్టడం. "నేను అప్పుడే చెప్పలేదా?" అన్న ఒక్క మాటతో ఎదుటివారి నోరు మూతపడుతుంది. ఐదవది భయం. ఎదుటివారు ఏడుస్తారేమో, ఏడిస్తే ఏం చేయాలో తెలియదు. అందుకే మాట మార్చేస్తాం.

వినేవారు లేనప్పుడు ఏం జరుగుతుంది?

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. కారణాలలో మొదటిది కుటుంబ సమస్యలు, నూటికి దాదాపు 32. రెండవది అనారోగ్యం, నూటికి 18. ఏ ఆత్మహత్యకూ ఒకే ఒక్క కారణం ఉండదు. అప్పులు, ఎండిపోయిన బోర్లు, చేతికి రాని శనక్కాయ పంట, తాగుడు, గుర్తించని మానసిక జబ్బు ఇవన్నీ కలిసి ఉంటాయి. అయినా చాలామంది అంతకుముందే ఏదో ఒక విధంగా చెప్పి ఉంటారు.

ఆ మాటలు ఎలా ఉంటాయి? "నేను లేకుంటే మీకు పీడ పోతుంది." "ఇంక నాతో ఏం పనిలే." "పిల్లోళ్ళను బాగా చూసుకో." ఇష్టమైన వస్తువులు ఇచ్చేయడం, నలుగురిలో కలవకపోవడం, తిండి నిద్ర మానడం, ఉన్నట్టుండి తాగుడు ఎక్కువ కావడం కూడా ఒక విధంగా చెప్పడమే. "ఊరికే అంటాడులే" అని వదిలేయకండి.

చాలామందికి ఒక అపోహ ఉంది. చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లు అవుతుందేమోనని భయపడతారు. ఇది నిజం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. మెల్లగా, ఒంటరిగా ఉన్నప్పుడు, "అన్నా, చచ్చిపోవాలని ఏమన్నా అనిపిస్తా ఉందా?" అని నేరుగా అడగవచ్చు. అడిగితే చాలామందికి గుండె బరువు దిగినట్లు ఉంటుంది.

"ఔను" అని జవాబు వస్తే వారిని ఒంటరిగా వదలకండి. పురుగుమందులు, మాత్రలు వారికి అందకుండా తాళం వేయండి లేదా ఇంటి నుండి తీసేయండి. ఆసుపత్రికి తీసుకురండి. టెలీ మానస్ 14416 నంబరుకు రాత్రింబగళ్ళు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన ఈ సేవలో తెలుగులోనే మాట్లాడతారు. ఇప్పటికే ఏదైనా మింగి ఉంటే ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి.

వినడమే సేవగా చేసినవారు

1935లో ఇంగ్లండులో చాద్ వరా అనే యువ గురువు చేసిన మొట్టమొదటి భూస్థాపన ఒక చిన్న అమ్మాయిది. ఆ పిల్ల మొదటిసారి బహిష్టు అయినప్పుడు తనకేదో చెడ్డ రోగం వచ్చిందనుకొని ప్రాణం తీసుకుంది. ఆమెకు చెప్పేవారు లేరు, అడగడానికి ఎవరూ లేరు. ఆ సంగతి ఆయన మనసులో ఉండిపోయింది. 1953 నవంబరులో లండన్‌లోని తన చర్చిలో ఒక టెలిఫోన్ పెట్టి, చావాలనుకునేవారు ఎవరైనా మాట్లాడవచ్చని ప్రకటించారు. జనం ఫోన్లు చేశారు, నేరుగానూ వచ్చారు. ఆయన కోసం ఎదురుచూస్తున్నవారికి మామూలు మనుషులైన స్వచ్ఛంద సేవకులు టీ ఇచ్చి, పక్కన కూర్చొని, చెప్పింది విన్నారు. కొద్ది రోజులకే ఒక విచిత్రం గమనించారు. అలా మాట్లాడిన తరువాత చాలామందికి ఇక గురువుగారిని కలవవలసిన అవసరమే కనిపించలేదు! 'సమారిటన్స్' అనే సంస్థ అలా పుట్టింది. మన దేశంలో 1986లో చెన్నైలో మొదలైన 'స్నేహ', సికింద్రాబాదులోని 'రోష్ని' ఇలాంటి సేవే చేస్తున్నాయి.

ఇంకొక ఉదాహరణ ఆఫ్రికా ఖండంలోని జింబాబ్వే నుండి. డిక్సన్ చిబండా అనే మానసిక వైద్యుని దగ్గరకు రావలసిన ఒక యువతి బస్సు ఛార్జీకి డబ్బు లేక రాలేకపోయింది, ప్రాణం తీసుకుంది. దేశమంతటికీ మానసిక వైద్యులు కొద్దిమందే. అప్పుడు ఆయన 2006లో హరారే నగరంలో 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చారు. ఆరోగ్య కేంద్రం బయట చెట్టు నీడన ఒక చెక్క బల్ల. దాని మీద అవ్వ, ఆమె పక్కన బాధలో ఉన్న మనిషి. అక్కడివారు ఆ జబ్బును 'కుఫుంగిసిసా' అంటారు. అంటే ఆలోచన ఎక్కువ కావడం. మన ఊళ్ళలోనూ "ఆలోచన ఎక్కువైంది" అనే కదా అంటాం! 573 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. ఆరు నెలల తరువాత మామూలు వైద్యం పొందినవారిలో నూటికి 50 మందికి కుంగుబాటు ఉండగా, అవ్వల దగ్గర కూర్చున్నవారిలో 14 మందికే ఉంది.

చెక్క బల్ల స్థానంలో మనకు రచ్చబండ ఉంది, ఇంటి ముందు అరుగు ఉంది. ఆ అవ్వల వంటివారు మన ఊళ్ళలోనూ ఉన్నారు.

వినడం ఎలా నేర్చుకోవాలి?

1. ఫోన్ పక్కన పెట్టండి. జేబులోనో, పక్క గదిలోనో ఉంచండి. టీవీ ఆపండి. పని మధ్యలో ఉంటే "పది నిమిషాలాగి కూర్చుందాం" అని చెప్పి, ఆ మాట నిలుపుకోండి.

2. కూర్చోండి. నిలబడి వింటే వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉన్నట్లు కనిపిస్తుంది. మంచంలో ఉన్నవారి దగ్గర స్టూలు వేసుకొని వారి కంటికి ఎదురుగా కూర్చోండి.

3. మొదటి రెండు నిమిషాలు అడ్డు చెప్పకండి. బాసెల్ రోగులకు అంతే సమయం చాలింది.

4. మౌనానికి భయపడకండి. వేసవిలో పాపాఘ్ని ఏటిలో చెలమ తవ్వినవారికి ఈ సంగతి తెలుసు. మొదట వచ్చేది బురద నీళ్ళు. కాసేపు ఓపిక పడితే తేట నీరు ఊరుతుంది. మాట ఆగిందని వెంటనే మీరు అందుకోకండి.

5. విన్నది తిరిగి చెప్పండి. "అంటే, అప్పు కన్నా ఆయన మాట్లాడిన మాటే నిన్ను ఎక్కువ బాధపెట్టింది. అంతేనా చెల్లీ?" అని అడగండి. తప్పుగా అర్థం చేసుకొని ఉంటే వారే సరిచేస్తారు.

6. అడగకుండా సలహా ఇవ్వకండి. "ఇప్పుడు నేను ఏం చేస్తే నీకు తోడుగా ఉంటుంది?" అని అడగండి. ఒక్కోసారి "ఏమీ వద్దు, కాసేపు కూర్చో" అంటారు. అదే చేయండి.

7. కన్నీళ్ళు వస్తే రానివ్వండి. "ఏడవకు" అనకండి. మంచినీళ్ళు ఇచ్చి పక్కనే ఉండండి.

8. విన్న మాట బయట చెప్పకండి. రచ్చబండ దగ్గర ఒక్కసారి బయటపడితే ఆ మనిషి మళ్ళీ ఎవరికీ చెప్పుకోరు. ప్రాణానికి అపాయం ఉన్నప్పుడు మాత్రం దాచకూడదు. "నిన్ను కాపాడుకోవడానికి ఇంకొకరికి చెప్పక తప్పదు" అని వారికే చెప్పి, సహాయం పిలవండి.

చెవి సంగతి కూడా చూడండి

కొందరు వినడం లేదని మనం విసుక్కుంటాం. అసలు వారికి వినబడుతోందా? ప్రపంచంలో 43 కోట్ల మందికి పైగా వినికిడి లోపానికి చికిత్సో, పరికరమో అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పెద్దవారు టీవీ శబ్దం పెంచడం, మళ్ళీ మళ్ళీ "ఏందీ?" అనడం, నలుగురిలో కూర్చోవడం మానేయడం దీనికి గుర్తులు. గులిమి అడ్డుపడినా వినబడదు. దానికి అగ్గిపుల్లలు, పిన్నులు వాడకండి. పిల్లవాడు బడిలో మొద్దుగా ఉన్నాడంటే ఒకసారి చెవి పరీక్ష కూడా చేయించండి. వినికిడి తగ్గినవారితో అరిచి మాట్లాడనవసరం లేదు. ముఖం కనబడేలా ఎదురుగా నిలబడి, నిదానంగా, స్పష్టంగా మాట్లాడండి.

చివరిగా

వినేవారు డాక్టరు పని చేయలేరు. షుగరుకు మాత్రలు కావాలి, విరిగిన ఎముకకు కట్టు కావాలి, తీవ్రమైన కుంగుబాటుకు మందులు కావాలి. వినడం వాటికి బదులు కాదు. అయితే మనిషి ఆసుపత్రి దాకా రావాలంటే ముందు తన బాధను ఎవరో ఒకరికి చెప్పగలగాలి. ఆ ఒకరు ఇంట్లోనే ఉంటే ఎంత మేలు!

ఈ వారంలో ఒక చిన్న ప్రయత్నం చేయండి. మీ ఇంట్లో అందరికన్నా తక్కువ మాట్లాడేవారు ఎవరో గమనించండి. రాత్రి అన్నాలైన తరువాత పది నిమిషాలు ఫోన్ లేకుండా వారి పక్కన కూర్చోండి. "ఈ మధ్య ఎట్లా ఉన్నావు?" అని అడగండి. "బాగానే ఉన్నా" అంటారు. అక్కడితో లేవకండి. ఇంకాసేపు కూర్చోండి.